మాండలికం అంటే ఏమిటో చెప్పిన టీచరమ్మ

పోయిన బుధవారం మా తెలుగు టీచరమ్మ విశాఖపట్నంలో, కూతురి ఇంట్లో కన్నుమూశారు. కబురు తెలిసేసరికి నేను శంషాబాద్ ఎయిర్‌పోర్టులో డ్యూటీలో ఉన్నాను. ప్రయాణికులకు దారి చెప్పే కౌంటర్ నాది. అక్కడ నేను జంకు లేకుండా మాట్లాడుతున్నానంటే అది ఆమె చలవే.

ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన రోజుల్లో నేను తొమ్మిదో తరగతి. మాది పాల్మాకుల. కోస్తా నుంచి వచ్చిన టీచరమ్మ మా బడిలో అప్పుడే చేరారు. వ్యాసంలో నేను "మా బాపు పొలంకాడికి పోతుండు" అని రాస్తే, ఎర్రగీత గీసి "వెళ్తున్నాడు" అని దిద్దారు. ఊరుకోలేక లేచి నిలబడ్డాను.

"మా బాపు గట్లనే మాట్లాడుతడు టీచర్. ఆయనది తప్పు తెలుగా?"

ఆమె నోట్‌బుక్ నా చేతికిచ్చి, తర్వాతి వ్యాసం దిద్దడానికి తీసుకున్నారు. ఇంటికి కబురు పంపుతారేమోనని రెండు రోజులు భయపడ్డాను.

సోమవారం వచ్చి బోర్డు మీద మండలం, మాండలికం అని రాశారు. మండలమంటే ఒక ప్రాంతం, మన శంషాబాద్ మండలం లాగా. ఆ ప్రాంతపు మాటతీరు మాండలికం అన్నారు. దాన్ని పరిశీలించే శాస్త్రం పేరు ఇంగ్లిషులో డయలెక్టాలజీ. గ్రీకు నుంచి వచ్చిన మాట. అందులో చివరి ముక్కకు శాస్త్రమని అర్థమట. మొదటి ముక్కకు మూలమైన డయలెక్టోస్ అంటే ముందు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమేనట. ప్రాంతపు భాష అన్న అర్థం తర్వాత వచ్చిందట.

తర్వాత నా నోట్‌బుక్ అడిగి తీసుకుని, ఎర్రగీతను కొట్టేసి పక్కన సంతకం పెట్టారు.

"పరీక్షలో పుస్తకం భాష రాయమ్మా. కానీ మీ నాన్నగారిది తప్పు తెలుగు కాదు. ఆ గీత గీయడం నా తప్పు."

పిల్లలందరి ముందూ ఒక టీచరు అలా ఒప్పుకోవడం నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత సాయంత్రాలు మా వాడకు వచ్చేవారు. గోంగూరను మేం పుంటికూర అంటామని మా అమ్మ చెబితే, ఎవరు చెప్పారో కూడా పక్కన రాసుకునేవారు. తను "గిట్ల" అనబోతే మాకు నవ్వొచ్చేది, ఆమె కూడా నవ్వేవారు. ముందు వినాలి, దిద్దడం తర్వాత అని కొత్త టీచర్లకు కూడా చెప్పేవారు. ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూ అనగానే నేను వెనకాడితే, రెండు తీర్లుగా మాట్లాడగలిగిన పిల్ల ఎందుకు భయపడాలని మందలించి పంపారు.

నిరుడు కూతురి దగ్గరికి వెళ్తూ ఎయిర్‌పోర్టులో కనిపించారు. అప్పుడే మొదటిసారి విమానమెక్కుతున్న ఒక పెద్దమ్మ నన్ను ఆపి, ఏడికి పోవాలె బిడ్డా అని అడిగింది.

"పరేషాన్ గాకు పెద్దమ్మా. జర ఆగు, నేనే తోల్కపోత."

తిరిగి చూస్తే టీచరమ్మ లైన్లో నిలబడి వింటున్నారు. ముందున్నవాళ్లు కదిలిపోయారు. వెనకవాళ్లు ఆమెను దాటి వెళ్తున్నారు. చేతిలో బోర్డింగ్ పాస్ పట్టుకుని, నవ్వుతూ, ఆమె అక్కడే నిలబడి ఉన్నారు.