రెండో మాత్ర, మా బావ

బందరులో మా చర్చిలో కీబోర్డు నేనే వాయించేవాణ్ణి. చెవుల్లో ఎవరెవరో మాట్లాడే జబ్బు మొదలయ్యాక మానేశాను. గుడివాడ డాక్టరుగారి మందుతో ఆ గొంతులు పోయాయి. నేను మాత్రం మంచం మీదే ఉండిపోయాను. స్నానం చేయమని అమ్మ పొద్దుటి నుంచి బతిమాలితే సాయంత్రానికి లేచేవాణ్ణి. ఎవరైనా పలకరిస్తే జవాబు తోచేది, చెప్పాలనిపించేది కాదు. చుట్టాలు బద్ధకమన్నారు.

అప్పుడే నాగాయలంక నుంచి మా అక్క భర్త వచ్చాడు. నా కీబోర్డు మీద వాళ్ల అమ్మాయి నేర్చుకుంటుందన్నాడు. "తీసుకెళ్లనా?" అని నా ముఖం ముందు చిటికె వేశాడు. నేను అలా చూస్తూ కూర్చున్నాను. వద్దనలేదుగా అని అమ్మతో నవ్వి, కారులో పెట్టించుకున్నాడు. నాకు నిజంగానే ఏమీ అనిపించలేదు.

అమ్మ వెళ్లి డాక్టరుగారి దగ్గర ఏడ్చింది. ఇది బద్ధకం కాదని, గొంతులు వినబడటంలాగే ఇదీ జబ్బులో భాగమేనని ఆయన చెప్పారు. ఉన్న మందుకు తోడు ఇంకో మాత్ర రాశారు. కొందరికి కొంత పనిచేస్తుంది, కొందరికి అసలు చేయదన్నారు.

ఆ మాత్ర కూడా వేసుకుంటూ నెలలు గడిచాయి. ఒక పొద్దున పళ్లు తోముకుంటుంటే ఆ చిటికె గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. సంతోషం కంటే, ఆకలి కంటే ముందు నాకు తిరిగొచ్చింది పగ. దాన్ని పోనివ్వలేదు. బావను ఏమనాలో రోజూ మనసులో అనుకునేవాణ్ణి, బాగాలేదని మార్చుకునేవాణ్ణి. ఆ పని కోసమే పొద్దున్నే లేవడం మొదలుపెట్టాను.

చివరికి ఒక్కణ్ణే బస్సెక్కి నాగాయలంక వెళ్లాను. బావ ఇంట్లో ప్రార్థన జరుగుతోంది. పాస్టరుగారు, ఊళ్లో పెద్దలు ఉన్నారు. ఆమేన్ అనేదాకా గుమ్మంలో ఆగాను.

"జబ్బుతో నోరు విప్పలేనివాడి వస్తువు ఎత్తుకొచ్చావు బావా. ఆ సంగతి వీళ్లకి చెప్పు," అన్నాను.

ఆయన తల వంచుకున్నాడు. ఆ తల చూడటం నాకెంత బాగుందో దాచుకోను. కీబోర్డు వాళ్ల వెనక కొట్టులో రొయ్యల మేత బస్తాల మధ్య పడి ఉంది. ఉప్పుగాలికి సగం కీలు పలకడం లేదు. అయినా తెచ్చేసుకున్నాను.

తర్వాత ఆయన మా ఇంటికొచ్చి క్షమించమన్నాడు. అమ్మా అక్కా నావైపే చూశారు. క్షమించాలని సండే స్కూల్లో నేర్చుకున్నవాణ్ణే.

"క్షమించను," అన్నాను.

ఇప్పటికీ జనంలో ఎక్కువసేపు ఉండలేను. నవ్వు తక్కువే. ఆదివారాలు మాత్రం, బాగుచేయించిన ఆ కీబోర్డు మీదే చర్చిలో వాయిస్తున్నాను. బావ వస్తే ముందు వరసలో కూర్చుంటాడు. నేను ఆయన వైపు చూడను.