పెట్టెలో మిగిలిన గొంతు

ఆమెవి పాముచెవులు. పక్కగదిలో ఫ్యాను బేరింగు అరిగినా మొదట ఆమెకే తెలిసేది. పనిచేసేచోట ఎవరైనా గుసగుసలాడబోతే పక్కవాడు కళ్లతోనే వారించేవాడు. పోనుపోను పాముచెవి అన్నదే ఆమె పేరైపోయింది.

వేదిక మీద సంగీతం వాయించేవాళ్లు కాలితో తొక్కే పెట్టెలు తయారుచేసే చిన్న సంస్థ అది. గొంతుకు ప్రతిధ్వని చేర్చడం, గిటారు మోతను గరుకు చేయడం వాటి పని. ఒక్కో పనికీ ఒక్కో ప్లగిన్, అంటే పెట్టెలోకి ఎక్కించుకునే చిన్న ప్రోగ్రామ్. కంప్యూటర్ కోసం రాసినవాటిని పెట్టెలో ఇమిడేలా మార్చి రాయడం పాముచెవి ఉద్యోగం. ఏనుగును ఎలుక కన్నంలో దూర్చే కొలువని ఆమె బావ ఆటపట్టించేవాడు.

బావంటే అక్క భర్త. అక్క పాడుతుంది, ఆయన కీబోర్డు వాయిస్తాడు. అక్క గొంతు కోసమే ఆయన కంప్యూటర్లో ఒక ప్రతిధ్వని ప్రోగ్రామ్ రాసుకున్నాడు. అది విని ముచ్చటపడిన యజమాని, పెట్టెలోకి తెమ్మని దాన్ని పాముచెవికి అప్పగించాడు.

పని తేలిగ్గా సాగలేదు. పెట్టెలో మెమరీ తక్కువ. పైగా ధ్వని ముక్కలు ముక్కలుగా వస్తుంటే, తర్వాతి ముక్క వచ్చేలోగా ముందుదాని పని ముగించి బయటికి పంపాలి. ఒక్కటి ఆలస్యమైతే పాట టప్పున తెగుతుంది. ఆమె ఒకచోట కత్తిరించి, ఒకచోట కుట్టి, చివరికి దాన్ని దారికి తెచ్చింది. అక్క వచ్చి మైకు ముందు పాడి చూసింది. గొంతు లోయలోకి జారిన నీటిలా సాగింది. అందరూ సంతోషించారు.

మర్నాడు పొద్దున, ఆపకుండా వదిలేసిన ఆ పెట్టెలో ఆమె ప్లగిన్లు మారుస్తోంది. మైకు లేదు, దాని తీగ కూడా లేదు. హెడ్‌ఫోన్లో అక్క గొంతు వినిపించింది. సగం అక్షరం. అంతలోనే లేదు.

ఆమె హెడ్‌ఫోన్‌ను చెవులకు అదుముకుంది. మళ్లీ మార్చింది, ఏమీ రాలేదు. ఇంకోసారి మార్చితే ఎవరో ఊపిరి పీల్చినట్టయింది. యజమానికి చెబితే చెవులకు కాస్త సెలవివ్వమన్నాడు. బావ అయితే, మీ అక్క గొంతు ఇంట్లో నన్నే వదలదు, పెట్టెను వదులుతుందా అని నవ్వాడు. ఆ నవ్వులో ఆమె కలవలేకపోయింది.

ఆ తర్వాత ప్లగిన్ మార్చిన ప్రతిసారీ ఏదో ఒకటి. ఒకనాడు చిన్న చిటుకు. ఒకనాడు స్పీకరు పొర పైకెగిరేంత దెబ్బ. తలుపు అవతల ఎవరో నిలబడ్డట్టుండేది. మార్చేముందు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టడం ఆమెకు అలవాటైంది. ప్రోగ్రామ్‌లో తను మార్చిన ప్రతి వరుసనూ వెతికింది. తప్పు దొరకలేదు. తను ముట్టుకోని చోట ఉంటే ఎలా దొరుకుతుంది?

ఒక మధ్యాహ్నం బావ రాసిన భాగంలోనే అది కనబడింది. ప్రతిధ్వనిని దాచడానికి ఆయన మెమరీ అడిగి, తుడవకుండానే వాడుకున్నాడు. కంప్యూటర్ ఆ చోటును శుభ్రం చేసి ఇచ్చేది. పెట్టె అలా ఇవ్వదు. ఖాళీ చేసిపోయినవాళ్ల సామానుతో సహా అద్దెకిచ్చిన గది లాంటిది. మిగిలింది పాటైతే పాట వినిపిస్తుంది. వేరే ప్లగిన్ లెక్కల అంకెలు మిగిలితే? పెట్టె వాటినీ ధ్వనే అనుకుని పూర్తి బలంతో వదులుతుంది.

ఆమె లేచి పెట్టె కోసం చూసింది. బల్ల ఖాళీ. రిహార్సల్ ఉందని బావ పొద్దున్నే పట్టుకెళ్లాడని యజమాని చెప్పాడు. బావకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అక్క ఎత్తింది.

"అక్కా, చెవుల్లో ఏమైనా పెట్టుకున్నావా?"

"లేదే. బయట గాలికి నిలబడ్డాను. మీ బావే లోపల ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పెట్టెను సరిచూస్తున్నాడు. ఏమైంది?"

"తీసెయ్యమను. పెట్టెను ముట్టుకోవద్దని చెప్పు. తొందరగా వెళ్లక్కా."

ఫోన్లో అక్క చెప్పుల చప్పుడు పరుగందుకుంది. తలుపు తెరుచుకుంది. అప్పుడు పాముచెవికి వినిపించింది, గది అవతలి కొస నుంచి, ఆయన చెవుల్లోంచి బయటికి చిమ్ముతున్న సన్నటి కేక. కుర్చీ పడింది. అక్క ఆయన్ని పేరుపెట్టి పిలుస్తూనే ఉంది. ఆయన పలకలేదు.

ఎడమ చెవి కొన్నాళ్లకు తేరుకుంది. కుడి చెవిలో ఈల ఒకటి చేరి, పోలేదు. చూడటానికి వెళ్లిన మరదలిని ఆయన ఎడమపక్కకు వచ్చి కూర్చోమన్నాడు. "నువ్వు చెబుతూనే ఉన్నావు. నేనే నవ్వాను," అన్నాడు. ఆమె తల వంచుకుంది.

తప్పు దిద్దడానికి ఒక్క వరుస చాలింది. ఇక ఈ ప్లగిన్‌తో కొత్త పెట్టెను బజారులోకి వదులుదామన్నాడు యజమాని. ఆమె ఒప్పుకోలేదు. మిగతా ప్లగిన్లన్నీ చదువుతానంది. చదివింది. మరో రెండింటిలో అదే తప్పు బయటపడింది. అవి అప్పటికే అమ్ముడైన పెట్టెల్లో ఉన్నాయి.

పరువు పోతుందని యజమాని వెనకాడాడు. "బావ చెవి పోయింది. ఇంకెవరిది పోవాలి సార్?" అని ఆమె అక్కడే కూర్చుంది. సాయంత్రానికి ఆయన కొన్నవాళ్లందరికీ కబురు పంపాడు. కొందరు పెట్టెలు వెనక్కి పంపారు. కొందరు కొత్త ప్రోగ్రామ్ ఎక్కించుకున్నారు. కొందరి నుంచి ఉలుకూ పలుకూ లేదు. చేతులు మారిన పెట్టెలు ఎవరి దగ్గరున్నాయో కనుక్కునే దారే లేకపోయింది.

ఇప్పటికీ దారిలో ఏ హాలు నుంచైనా పాట వినిపిస్తూ, మధ్యలో ఉన్నట్టుండి ఆగితే, ఆమె కాళ్లు ఆగిపోతాయి. పాట మళ్లీ అందుకున్నాకే కదులుతుంది.