అన్న బొటనవేలి చోటు

దుకాణంలోకి అడుగుపెడితే ముందుగా తీగబ్రష్ గరగర వినిపిస్తుంది. ఆ తర్వాతే ఉత్తరపు కిటికీ దగ్గర, పాత తుపాకులకు రంగు పట్టించే వెర్నా కనిపిస్తుంది. పిస్తోలు ముక్కల రంగు ఆవిడ ఎన్నడూ దీపం వెలుగులో చూడదు. పగటి వెలుగుకెదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, రెండు మబ్బుల్ని పోల్చినట్టు పోల్చుతుంది. అమెరికాలోని ఆ ఓజార్క్ కొండల్లో ఆ కంటికి తిరుగులేదు.

చనిపోయిన తన అన్న పిస్తోలుకి పైభాగం పగిలితే, వేడ్ అనే కుర్రాడు ఆ భాగం కొత్తది చేయించి ఆవిడ దగ్గరికి తెచ్చాడు. కొత్తది కాకి నలుపు; పాత పిడిభాగం అరిగి బూడిద నీలమైంది.

"రెండూ నల్లగా చేసెయ్యి పెద్దమ్మా. నీకూ తేలిక."

"తేలికే. మీ అన్న బొటనవేలు అరగదీసిన చోటు మళ్ళీ ఎవడు తెస్తాడు?"

మూడు వారాలు కొత్తదాన్నే రుద్ది, రంగు పట్టించి, మళ్ళీ తోలుతో రుద్ది, పాతదాని నీలంలోకి దింపింది. వేడ్ ఎంత తిప్పి చూసినా రంగు మారే గీత దొరకలేదు. అతని బొటనవేలు ఆ అరిగిన చోట ఆగింది. వేలిముద్ర పడిందని నూనెగుడ్డ తీశాడు.

"తుడవకు నాయనా," అంది వెర్నా. "ఇక నీ వేలు కూడా ఆ చోటుని కాస్త అరగదీయనీ."