నీళ్ళకు కట్టిన ధర

డెబ్బై ఏడు ఉప్పెన వచ్చిన వారానికి, మా మేనమామ దివిసీమకు మంచినీళ్ళు తోలుతున్నాడని బెజవాడ భవానీపురంలో మా ఇంటికి కబురొచ్చింది. ఆయనకు ఉయ్యూరు దగ్గర చెరుకు తోట, ఫ్యాక్టరీకి చెరుకు తోలే ట్రాక్టరు ఉండేవి. ఆ మాట వినగానే అమ్మ కళ్ళు తుడుచుకుంది. చర్చిలో పోగుచేసిన పాత బట్టల మూటలు తీసుకుని, ఇంటర్ చదువుతున్న నన్ను వెంటబెట్టుకుని ఉయ్యూరు బయలుదేరింది. బస్సులో పక్కసీటామెకు కూడా తమ్ముడి మంచితనం చెప్పుకుంది.

ట్రాక్టరు వెనక తగిలించిన ట్రక్కు నిండా నీళ్ళ డ్రమ్ములు. వాటి మధ్యే కూర్చుని వెళ్ళాం. దారిలో చూసినవి ఇప్పటికీ రాయడానికి చెయ్యి రాదు. సముద్రానికి దగ్గర్లో ఒక జాలరుల పల్లె దగ్గర ట్రాక్టరు ఆగింది. పల్లె అంటే నిలబడిన ఇల్లు ఒక్కటీ లేదు. బావుల నిండా ఉప్పునీళ్ళు, పశువుల కళేబరాలు. చప్పుడు విని ఆడవాళ్ళు బురదలో పడుతూ లేస్తూ వచ్చారు.

మామయ్య ట్రక్కు మీద నిలబడి గట్టిగా చెప్పాడు.

"డబ్బుల్లేనోళ్ళు ఇత్తడి సామాను తెచ్చుకోండి. బిందె ఇస్తే బిందెడు నీళ్ళు."

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. ముందు నిలబడినామె చంకలో సొట్టపోయిన బిందె ఉంది. బురద తవ్వి తీసుకున్నట్టుంది, ఇంకా మట్టి వదల్లేదు.

"బిందె నీకిచ్చేత్తే నీళ్ళు దేంట్లో పట్టుకెళ్ళాల బాబూ?" అంది.

"ఏ నూనె డబ్బానో చూసుకోవమ్మా. తొందరగా తేల్చు, వెనకాల జనం ఉన్నారు."

ఆమె ఒక్క క్షణం బిందెను చూసుకుని పైకి అందించింది.

అమ్మ లేచింది. "ఒరేయ్, ఏం చేస్తున్నావురా?"

"డీజిలు ఎవడు పోస్తాడక్కా? డ్రైవరుకి కూలి ఎవడిస్తాడు?"

"ఆ ఖర్చు తీసుకో. ఎవరొద్దన్నారు?"

"నేనెవర్నీ బలవంతం చెయ్యట్లేదే! ఇష్టమైనోళ్ళే ఇస్తున్నారు. నేను రాకపోతే ఈ నీళ్ళూ ఉండవు."

ఇష్టం! నాలుక పిడచగట్టినవాళ్ళకు ఇష్టమేమిటి, అయిష్టమేమిటి? ఆయన కష్టానికి కూలి అడిగితే నేను ఈ రాత రాసేదాన్ని కాదు. ఆ ధర డీజిలును చూసి కట్టింది కాదు, దాహాన్ని చూసి కట్టింది.

అమ్మ ఆయన్ని దాటుకుని ముందుకొచ్చింది. బిందె తీసి ఆమె చేతికి తిరిగిచ్చి, చెంబుతో నీళ్ళు ముంచి పొయ్యడం మొదలుపెట్టింది. నేనూ లేచి ఇంకో డ్రమ్ము దగ్గర నిలబడ్డాను. నలుగురిలో అక్క చెయ్యి పట్టుకుని లాగలేక మామయ్య నల్లబడ్డ మొహంతో పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. డ్రమ్ములు ఖాళీ అయ్యాక మమ్మల్ని అక్కడే వదిలేసి ట్రాక్టరు తోలించుకుపోయాడు. సాయంత్రం బియ్యం తెచ్చిన లారీవాళ్ళు మమ్మల్ని ఎక్కించుకున్నారు.

మర్నాటి నుంచి ఆయన వేరే పల్లెలకు వెళ్ళాడు. అక్కడ అడ్డం పడేవాళ్ళెవరూ లేరు. చుట్టాలంతా అమ్మనే తప్పుపట్టారు. "తోడబుట్టినవాడి పరువు పదిమందిలో తీసింది" అన్నారు. క్రిస్మస్ నాడు వాళ్ళ చర్చిలో ఆయన సేవను మెచ్చుకుంటూ ప్రత్యేకంగా ప్రార్థన చేశారట. ఆ మాట చెప్పడానికి వచ్చినవాళ్ళకు అమ్మ కాఫీ కూడా ఇవ్వలేదు.

తర్వాత బెజవాడ కాలేజీలో నేను ఎకనామిక్స్ తీసుకున్నాను. సరుకు తగ్గి గిరాకీ పెరిగితే ధర దానంతటదే పెరుగుతుందని మాస్టారు బోర్డు మీద గీత గీసి చూపించారు. లేచి ఆ పల్లె సంగతి చెప్పాను.

"అది నీతికి సంబంధించిన విషయమమ్మా. మన సబ్జెక్టులోకి రాదు" అన్నారాయన.

దానంతటదే పెరగడమేమిటి? ట్రక్కు మీద నిలబడి ఆ ధర పలికిన మనిషిని నేను కళ్ళారా చూశాను. ఆ మాటే గట్టిగా అనేసి కూర్చున్నాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. మాస్టారు డస్టరు తీసుకుని బోర్డు తుడిచి, తర్వాతి పాఠం మొదలుపెట్టారు.