నిద్ర లేచిన పావుగంట

మా కునుకు మాస్టారు మెలకువగా కూర్చుని పూర్తిచేసిన సమావేశం మా శాఖ చరిత్రలో లేదు. నేల కింది నీటి మీద ఆయన రాసిన పుస్తకం చదవని ఇంజనీరు ఉండడు, ఆయన గురక వినని అధ్యాపకుడూ ఉండడు. విద్యార్థి లేచి సభ్యులకు నమస్కారం చెప్పేలోపు ఆయన గడ్డం ఛాతీ మీదికి వాలేది.

అక్కడితో ఆగినా బాగుండేది. ప్రసంగం ముగిసి, ప్రశ్నలూ అయిపోయి, అందరం కాగితాలు సర్దుకుంటుంటే ఉలిక్కిపడి లేచేవారు. కాస్త కన్నంటుకుంది, మళ్ళీ మొదటినుంచి చెప్పమనేవారు. పైగా నిద్ర లేచాక పావుగంట దాకా తనకు ఇంగ్లీషు ఎక్కదని చక్కటి ఇంగ్లీషులో వివరించేవారు. డాక్టరు చెప్పాడట. ఏ డాక్టరో ఎవరికీ తెలియదు. అందుకని మీ ఇంట్లో మాట్లాడుకునే భాషలో చెప్పండి, నేనేదో ఏరుకుంటాననేవారు.

నేనప్పుడు పరిశోధక విద్యార్థుల పనిని పరీక్షించే సమీక్షా సంఘానికి కార్యదర్శిని. అంటే మినిట్స్ రాసేవాణ్ణి, టీ చెప్పేవాణ్ణి, పక్క కుర్చీలో కూర్చుని మాస్టారి తలకు భుజం అప్పిచ్చేవాణ్ణి. రాత్రిళ్ళు మీరు ఇంట్లో నిద్రపోరా అని ఓసారి విసుక్కున్నాను.

"ఇంట్లో ఎవరూ ఉపన్యాసాలివ్వరు కదయ్యా. నిద్రెలా పడుతుంది?" అన్నారు.

మా విశ్వవిద్యాలయం గేటు మీద ఇరవై రెండు భాషల్లో స్వాగతం అని రాసి ఉంటుంది. భాషా వైవిధ్యమే మా సంపద అని ఏటా సదస్సు పెట్టి మరీ ఇంగ్లీషులో చెప్పుకుంటాం. లోపలికొచ్చాక కుర్చీ మాత్రం ఒక్క భాషకే. మిగతావి గుమ్మం బయట నిలబడాలి. సమీక్ష జరిగే గది నేలమాళిగలో ఉండేది. చెమ్మకు పెచ్చులూడిన గోడలు, కొట్టుకుంటూ వెలిగే ట్యూబులైటు, బయట బెంచీ మీద ఆపరేషను గది ముందు బంధువుల్లా విద్యార్థులు. మూడుసార్లు తప్పితే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. చాలామంది తప్పేది చదువులో కాదు, వాక్యం మధ్యలో.

ఒక్క ఏడాది మాస్టారు హెర్నియా ఆపరేషను చేయించుకుని సమీక్షకు రాలేదు. గంటలో ముగించేశాం. పీడ విరగడైనట్టు అందరం హాయిగా టీలు తాగాం. ఆ రోజు ఒక విద్యార్థి జవాబు మొదలుపెట్టి, మధ్యలో మాట దొరక్క, సారీ చెప్పి కూర్చున్నాడు. అది అతనికి మూడోసారి. పేరు కొట్టేశాం. మర్నాడు హాస్టలు గది తాళం కూడా అప్పగించి వెళ్ళిపోయాడు. మాస్టారు తిరిగొచ్చాక సంగతి విని నన్నొక్కటే అడిగారు.

"ఒక్కసారే అడిగారా?"

అవునన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. కుట్లు నొప్పి పెడుతున్నాయి కాబోలు అనుకున్నాను.

మరుసటి ఏడు ఒకమ్మాయి వంతు వచ్చింది. ఆమె ఇంటి భాష మాలో ఒక్కరికీ రాదు. క్యాంపస్ మొత్తంలో ఆ భాష తెలిసిన రెండో మనిషి లేడు. నాలుగేళ్ళుగా ఆమె తన భాషను ఫోనులోనే విన్నది. ఒక బావికి మోటారు బిగిస్తే చుట్టుపక్కల ఏ బావి ఎండుతుంది, ఏది ఎండదు అన్నది ఆమె పరిశోధన. అప్పటికే రెండుసార్లు తప్పింది. బట్టీ పట్టిన ప్రసంగం పొల్లుపోకుండా అప్పజెప్పింది. సంఘానికి అధ్యక్షులైన డీన్ గారు అడిగారు: దూరపు బావి ఎండిపోయి, దగ్గరి బావి ఎందుకు నిలిచింది?

ఆమె ఇంగ్లీషులో నీరు అంది. మళ్ళీ నీరు అంది. తర్వాత నేల చూసింది.

డీన్ గారు నా వైపు వంగి గొంతు తగ్గించారు. "తెలీదండీ ఈ పిల్లకి. రాసేయండి."

కలం తీశాను. బల్ల కింద ఎవరో నా కాలు తొక్కారు. కాలు తగలడం వేరు, మడమేసి నొక్కడం వేరు. పక్కకు చూస్తే మాస్టారు కళ్ళు మూసుకుని ఉన్నారు. గురక లయ కూడా తప్పలేదు.

ఇన్నేళ్ళు నా భుజం మోసినదేమిటో అప్పుడు తెలిసింది. గలగలా మాట్లాడే వాళ్ళ ముందు కూడా ఆయన ఎందుకు పడుకునేవారో తెలిసింది. తడబడినవాళ్ళకే రెండో అవకాశం ఇస్తే అది జాలి అయిపోతుంది. ఎవరు మాట్లాడినా నిద్రపోతే పరువు పోయేది ఆయనొక్కరిదే. పోయింది కూడా. సమావేశాల్లో నిద్రపోయేవాడికి శాఖ ఎలా అప్పగిస్తామని రెండుసార్లు ఆయన్ని పక్కనపెట్టారు.

మాస్టారు ఉలిక్కిపడి లేచారు. మామూలు పాటే పాడారు. డీన్ గారు నిబంధనల పుస్తకం చూపించారు.

"ఇంగ్లీషులో చెప్పాలన్నారు, చెప్పింది. ఇప్పుడు చెప్పేది మీక్కాదు, నాకు," అన్నారు మాస్టారు.

తన భాష ఆయనకు రాదు కదా అని నసిగింది అమ్మాయి.

"నీకొచ్చు కదమ్మా. చాలు."

మొదట గొణిగింది. తర్వాత సుద్దముక్క అందుకుంది. మూడు బావులు గీసింది, వాటి కింద రాతి పొరలు గీసింది, పొరల్లో ఏటవాలుగా ఒక పగులు గీసింది. గొంతు పెరిగింది. నాలుగేళ్ళలో ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు. మోటారు బావి నుంచి బయల్దేరి, దగ్గరి బావి పక్కనుంచి తప్పుకుని, ఆ పగులు తిన్నగా దూరపు బావిలోకి దిగుతోంది. ఒక్క ముక్క అర్థం కాకుండానే అంతా అర్థమైంది.

డీన్ గారు కుర్చీలోంచి లేచారు. "అవునుగానీ తల్లీ, వానాకాలం ఈ పగుల్లోకి నీళ్ళు ఎక్కడ్నుంచి వస్తాయి?" అన్నారు, అచ్చ తెలుగులో, తాను ఏ భాషలో అడుగుతున్నదీ తెలియకుండా. ఆమె సుద్దతో పైన ఒక చెరువు గీసి తన భాషలో ఏదో దబాయించింది. ఆయన ఇంకో సుద్దముక్క తీసుకున్నారు. మధ్యలో వచ్చి ఉత్తీర్ణత కాగితం మీద సంతకం గీకి, మళ్ళీ బోర్డు దగ్గరికి పోయారు. వాదన ముదిరింది.

నా భుజం మీద బరువు పడింది. ఈసారి గురక ఎగుడుదిగుడుగా ఉంది, నోరు కొద్దిగా తెరుచుకుంది. ఇది అసలుది.

డీన్ గారు వెనక్కి తిరిగి చూసి, పెదవుల మీద వేలుంచుకున్నారు.

"మెల్లగా అమ్మా. మాస్టారు పడుకున్నారు."

ఆమె తలూపి, గొంతు తగ్గించి, వాదన కొనసాగించింది.