దేవసహాయం అయ్యగారు విన్న చప్పుడు

మా చిన్నప్పుడు... ఆదివారం ఆరాధనలో దేవసహాయం అయ్యగారు ఉన్నట్టుండి ప్రసంగం ఆపేసేవారు. బైబిలు బల్లమీద పెట్టి, నేలమీద బోర్లా పడుకుని, చెవి బండకు ఆనించి కళ్లు మూసుకునేవారు. మందిరంలో ముప్పై నలభైమంది ఉండేవాళ్లు... ఒక్కరూ దగ్గేవారు కాదు.

మాది కోలారు బంగారు గనుల దగ్గర కిరాణా అంగడి. మేం క్రైస్తవులం కాదు. అంగడి పక్కనే ఆ రేకుల మందిరం. అయ్యగారి కూతురు గ్రేసీ నా స్నేహితురాలు... దాని పక్కన కూర్చోవడానికే నేను వెళ్లేదాన్ని. "పాటలు బాగుంటాయి, పోనీలే" అనేవాడు మా నాన్న.

ఆ మందిరాన్ని తడికలతో మొదలుపెట్టింది ఒక ముసలి పాస్టరు. ఆయనా గనిలో పనిచేసినవాడే. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, చివరికి ఒక్క చరణం కూడా పాడలేకపోయేవాడు. పోయేముందు దేవసహాయం తలమీద చెయ్యిపెట్టి, సంఘాన్ని చూసుకోమన్నాడట. అప్పటికి గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్లయింది. దేవసహాయం లోపల రాయి తొలిచే జట్టులో ఉన్నారు. ముసలాయన మాట కాదనలేక పని వదిలేసి పాస్టరయ్యారు.

జట్టులో ఆయన చోటికి రత్నం వెళ్లాడు. అదే సంఘంలోవాడు, రాజమ్మ మొగుడు... పెళ్లయి ఏడాది కూడా కాలేదు.

పదిరోజులు తిరగలేదు.

పట్టపగలు. మేం బడిలో ఎక్కాలు చెబుతున్నాం. కాళ్ల కింద ఎక్కడో ఉరిమినట్టయింది. బల్లలు అదిరాయి, గోడమీది పటం ఊడిపడింది. లోతుల్లో ఒత్తిడికి రాయి పేలితే ఊరంతా అలాగే వణికేది. టీచరమ్మ కిటికీ దగ్గరికి పరుగెత్తింది. ఆ వెంటనే సైరను...

నలుగురిని పైకి తెచ్చారు. రత్నం మాత్రం దొరకలేదు. అక్కడ రాయి ఇంకా కదులుతోందని, దిగినవాళ్లెవరూ తిరిగి రాలేరని, ఆ సొరంగానికి గోడ కట్టేశారు.

ఆ తర్వాతి ఆదివారమే అయ్యగారికి మొదటిసారి చప్పుడు వినిపించింది.

"కింద తడతా ఉండాడు" అన్నారు.

సంఘపెద్ద ఒకాయన మెల్లగా దగ్గరికి వచ్చాడు. "అంత లోతులోనించి యాడ వినబడుతుందయ్యా? మీరూ దిగినోళ్లే కదా, తెలీదా?"

"తెలుసప్పా... అయినా తడతా ఉండాడు."

ఇక ప్రతి ఆదివారం అదే. నేలకు నోరు దగ్గరపెట్టి, బండల సందులోకి కీర్తన చదివేవారు... కిందున్న మనిషికి వినిపించాలన్నట్టు. ఇంట్లో అన్నం సగంలోనే వదిలేసి లేచిపోతున్నారని గ్రేసీ ఏడ్చింది.

ఇలా కొన్ని నెలలు గడిచాయి. ఒక శనివారం మధ్యాహ్నం గ్రేసీ, నేను మందిరం ఊడుస్తున్నాం. అది నీళ్లకు వెళ్లింది. ఒక్కదాన్నే ఉన్నాను. ఏం బుద్ధి పుట్టిందో... పడుకుని చెవి ఆనించాను.

బండ మంచులా ఉంది. ముందు నా గుండె చప్పుడే వినిపించింది. తర్వాత...

టక్... టక్... టక్.

ఇనుముతో రాతిని కొట్టినట్టు, తీరిగ్గా. కాసేపు ఏమీ లేదు. మళ్లీ మూడు.

తల ఎత్తాను. గుమ్మంలో అయ్యగారు.

"వినబడిందా పాపా?"

తల ఊపాను.

"ఎన్ని తూర్లు?"

"మూడు..."

ఆయన అక్కడే కూలబడిపోయారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు. "నాకు పిచ్చి పట్టలేదు దేవా" అన్నారు.

ఆ మాట సాయంత్రానికే ఊరంతా పాకింది. మర్నాడు రాజమ్మ మందిరానికి వచ్చింది. రత్నం పోయాక అంతవరకు గడప తొక్కలేదు. నెలలు నిండిన మనిషి... ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుంటే కష్టంగా నేలమీదికి ఒరిగి చెవి పెట్టింది.

చాలాసేపు అలాగే ఉంది.

"నాకేం వినబడ్లేదే..." అని లేచి కూర్చుంది. "కట్టుకున్నదాన్ని ఇడిచిపెట్టి ఆయప్ప మీకు ఎందుకు తట్టాలయ్యా?"



ఆమె నావైపు తిరిగి నా చెయ్యి పట్టుకుంది. "పాపా, నువ్వూ విన్నావంట. నిజం చెప్పు. నువ్వు విన్నింటే ఆయప్ప ఇంగా బతికే ఉండాడు. నేను పోయి గని గేటు కాడ కూసుంటాను. ఆయప్పను పైకి తెచ్చేదాకా మెతుకు ముట్టను."

నేను అయ్యగారి వైపు చూశాను. ఆయన కళ్లు నన్ను బతిమాలుతున్నాయి... ఏం చెప్పమనో నాకు అర్థం కాలేదు. అవునంటే ఆమె, కడుపులో బిడ్డ ఏమైపోతారో. కాదంటే ఈయన్ని లోకం పిచ్చివాడంటుంది. నాకు తొమ్మిదేళ్లు.

"లేదక్కా... ఏం వినబడలేదు. ఉత్తదే చెప్పినాను."

రాజమ్మ నా చెయ్యి వదిలేసింది. ఆమె గొంతులోంచి ఒక ఏడుపు వచ్చింది... అంతవరకు ఆమె ఏడవలేదట. ఆడవాళ్లంతా చుట్టూ చేరారు.

ఆ సాయంత్రమే అయ్యగారు శవం లేకుండా రత్నానికి సమాధి ప్రార్థన చేశారు. నెల తిరక్కుండా రాజమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు పేరు పెట్టిందీ, పెద్దయ్యాక పెళ్లి చేసిందీ ఆయనే. చనిపోయేదాకా ఆ సంఘానికే పాస్టరుగా ఉన్నారు. మళ్లీ ఎప్పుడూ నేలకు చెవి పెట్టలేదు.

కానీ ఒక్కో ఆదివారం మాట మధ్యలో ఆగి నావైపు చూసేవారు. అప్పటికే నా అరికాళ్లకు తెలిసిపోయి ఉండేది... టక్, టక్, టక్. ఆయన వెంటనే గొంతెత్తి పాట అందుకునేవారు. నేనూ గట్టిగా చప్పట్లు కొట్టేదాన్ని.

ఇప్పుడు గనులు మూతపడ్డాయి. సొరంగాల నిండా నీళ్లట. నేల అదరడం లేదు. తెల్లారితే ఊళ్లో సగంమంది పనులకోసం బెంగళూరు రైల్లో ఉంటారు. మందిరంలో టైల్సు వేశారు, పెద్ద స్పీకర్లు పెట్టారు. కుర్ర పాస్టరుకు ఇవేవీ తెలియవు.

మొన్న గ్రేసీ ఫోన్ చేసి, రాజమ్మ పోయిందని చెప్పింది. ఇక దాచాల్సిన పని లేదు కాబట్టి రాస్తున్నాను... ఆ రోజు నేను విన్నాను.

ఒకరిని బతికించడానికి ఇంకొకరి నిజాన్ని కాదన్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఒక మాట రాయండి. ఇన్నేళ్లూ ఒక్కదాన్నే మోశాను...