గుండెకు మంచి లడ్డూలు

నా గుండెను నేనే బాగుచేసుకోబోయి ఎంత పని చేశానో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో ఎప్పుడో నవ్వేశారు.

కొన్నేళ్ల కిందట నా రక్తంలో కొవ్వు ఎక్కువైందని రిపోర్టు వచ్చింది. ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో ఆ రోజే మటన్ బంద్. మళ్లీ పరీక్షలో కొవ్వు తగ్గితేనే క్రిస్మస్‌కు బిర్యానీ అని మా ఆవిడ సుగుణ తేల్చి చెప్పింది. డాక్టరేమో రోజూ నడవమన్నాడు. నాకు నడక కన్నా ఫోన్ మీద నమ్మకం ఎక్కువ. చేదు చాక్లెట్ గుండెకు మంచిదని అందులో ఎవరో రాశారు.

మా బామ్మర్ది యోహానుకు దమ్మపేటలో పామాయిల్ తోట ఉంది, చెట్ల మధ్య చాక్లెట్ చేసే కోకో వేశాడు. ఇంకేం, ఎండిన గింజలు రెండు కిలోలు పంపమన్నాను.

"ఏం జేస్తవ్ బావా? ఇన్నేండ్లసంది పండిస్తున్నం, మా ఇంట్ల ఒక్కరూ తినలే," అన్నాడు.

పెరట్లో వైద్యం పెట్టుకుని తెలుసుకోలేకపోయాడని జాలిపడ్డాను.

గింజలు వేయించి, పొట్టు తీసి, మిక్సీ పట్టాను. చెంచాడు నోట్లో వేసుకుంటే చేదు చెవుల దాకా ఎక్కింది. మందు మింగాలంటే కాస్త బెల్లం తప్పదు కదా. ఉండ కట్టాలంటే నెయ్యి తప్పదు. నెయ్యి పడ్డాక జీడిపప్పు వేయకపోతే బాగుండదు. పూటకు రెండు చొప్పున, ఒక్క పూట తప్పకుండా వేసుకున్నాను.

పరీక్షకు పరగడుపున రమ్మన్నారు. "ఏమన్న తిన్నరా సార్?" అని ల్యాబ్ అమ్మాయి అడిగింది.

"ఏం తినలే. మందేసుకున్న," అన్నాను, ఎంతో నిజాయితీగా.

రిపోర్టు చూసి డాక్టర్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. కొవ్వు బాగా పెరిగింది. ఏం మందు వాడుతున్నారని అడిగితే, జేబులోంచి డబ్బా తీసి గర్వంగా ముందు పెట్టాను. ఆయన ఒకటి కొరికి నిదానంగా నమిలాడు.

"కోకో కొంచెం మేలు చేస్తదేమో. మీరు తింటున్నది మాత్రం లడ్డూ," అన్నాడు.

సుగుణ పక్కనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు నిజంగా ఏమీ తినకుండా మళ్లీ రక్తం ఇచ్చాను. అంకె కొంచెం దిగింది గానీ బిర్యానీ దాకా దిగలేదు.

క్రిస్మస్ నాడు అందరూ బిర్యానీ తిన్నారు. నా కంచంలో జొన్నరొట్టె, నూనె లేని బీరకాయ కూర. యోహాను బొక్క చప్పరిస్తూ, ఇంకో రెండు కిలోల గింజలు తెచ్చానని చెప్పాడు.

ఆ బీరకాయ సాక్షిగా ఒట్టేశాను: నోటికి రుచిగా ఉన్నదేదీ మందని ఈ జన్మలో నమ్మను.